ఐదు గాయాల ఒంటిపోరు

పోయిన వారం మనం కుప్పంలో, కృష్ణమ్మ ఇంటి వసారాలో ఉన్నాం. గ్రానైటు గుట్ట కోసం కొట్టుకుంటున్న దాయాదులు ఈశ్వరప్ప, పాపయ్య తమ ముసలి మేనత్త అయిన ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టారు. అప్పటికే పాపయ్య లారీ తగలబడింది. అతని తమ్ముడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది. ఇక ప్రాణాలు పోవడమే మిగిలిందని ఊరంతా అనుకుంటున్నప్పుడు పాపయ్య కసిగా, "ఇన్నేండ్లు బల్ల మింద యుద్ధాలాడినాం గదా, ఆ బల్ల మిందే తేల్సుకుందాం రా" అన్నాడు. కోపంలో జారిన ఆ మాటను కృష్ణమ్మ గట్టిగా పట్టుకుంది. ఆదివారం తన వసారాలోనే, రెండు పక్షాల మనుషుల ఎదుట, ఒకే ఒక్క ఒంటిపోరు జరగాలంది. ఓడినవాడు గుట్ట వదిలిపెట్టాలి. ఆ పోరుకు నియమాలు ఏర్పరచి, మధ్యన కూర్చుని తీర్పు చెప్పే బాధ్యత ఆ ఆటను తయారుచేసిన స్వర్ణలత మీద పడింది.

స్వర్ణలత మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. పిల్లలకు సంభావ్యత పాఠం తలకెక్కడం లేదని కొన్నేళ్ల కిందట ఒక యుద్ధం ఆట కల్పించింది. పెద్ద అట్ట మీద గుట్టలు, కోటలు, కనుమదారులు గీసింది. పుంగనూరులో లేతు మిషను పెట్టుకున్న కలీం పాలకొయ్యతో నాయకుల్ని, బంట్లను, పాచికల్ని చేసి ఇచ్చాడు. ఆటకు 'పాళెం' అని పేరు పెట్టారు. అది క్లాసు దాటి ఆఫీసర్ల ఇళ్లకు, అక్కడి నుంచి కుప్పం దాకా వెళ్లింది. ఈశ్వరప్ప, పాపయ్య స్నేహంగా ఉన్న రోజుల్లో ఆదివారమంతా ఆ బల్ల దగ్గరే గడిపేవాళ్లు, పిలిస్తే స్వర్ణలత కూడా వెళ్లి చూసేది. ఈ ఆటవల్ల ఎవరికైనా చెడు జరుగుతుందని స్వర్ణలత ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు గురువారం. పొద్దున మదనపల్లె నీరుగట్టువారిపల్లెలోని తన అద్దె ఇంటికి తాళం వేస్తూ ఆమె రెండుసార్లు వీధి అటూ ఇటూ చూసింది. మగ్గాల చప్పుడు మామూలుగానే ఉంది. పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న కాసేపటికి వెనక సీటులోంచి ఒక మగగొంతు మెల్లగా పలకరించింది.

"మేడమ్, ఆదివారం మీరు నడిమధ్యన కూసుంటారంట గదా."

ఆమె వెనక్కి తిరగలేదు.

"తలుపు దగ్గరుండే పక్క కూసోండి. ఊరికే సెప్తాండా."

తరువాతి స్టాపులో అతను దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే తెల్లచొక్కా వీపు తప్ప ఏమీ కనబడలేదు. అతను ఈశ్వరప్ప మనిషో, పాపయ్య మనిషో ఆమెకు తెలియలేదు. బెదిరించాడో, జాగ్రత్త చెప్పాడో కూడా తెలియలేదు. పుంగనూరులో బస్సు దిగేసరికి చేతిసంచి పట్టుకున్న వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

కలీం దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. ముందుగదిలో లేతు, మంచంకోళ్లు, ఉయ్యాల గుబ్బలు. వెనకగదిలో ఒక బల్ల, సందులోకి చిన్న కిటికీ. ఆమె సంగతి చెప్పకముందే కలీం ముఖం చూసి ఒక గ్లాసు నీళ్లు తెచ్చాడు.

"కాలేజీకి లీవు పెట్టి యాడికన్నా పోకూడదా మేడమ్? మా అక్క వాళ్లు కోలారులో ఉండారు."

"నేను పోతే వాళ్లు బల్ల పక్కన పెట్టి మళ్లీ కొడవళ్లు తీస్తారు కలీం భాయ్. నియమం తేలాలి. రా, కూర్చో."

ఆటలో ఇద్దరు నాయకులు ఎదురుపడితే ఒంటిపోరు జరుగుతుంది. ఇంతకాలం దానికి ఉన్న పద్ధతి చాలా తేలిక. చెరొక పాచిక వేస్తారు. ఎక్కువ పడినవాడు బతుకుతాడు, రెండోవాడి బొమ్మను బల్ల మీంచి తీసేస్తారు.

"ఇదే ఉండనీండి మేడమ్," అన్నాడు కలీం. "బిన్నా అయిపోతాది. మనం బిన్నా బస్సెక్కి వచ్చేస్తాం."

"అంత బిన్నా, అంత తొందరగా అయిపోవడమే నాకు భయం. ఒక్క పాచికతో గుట్ట పోయిందనుకో. ఓడిన మనిషి కోపం ఎవరి మీద చూపించుకోవాలి? పాచిక మీద. దాన్ని చేసింది నువ్వు. వేయించింది నేను."

కలీం చేతిలో ఉన్న ఉలిని పక్కన పెట్టాడు.

"అయితే పాచికలే తీసేద్దాం."

"అదీ ఆలోచించాను. ఎత్తుకు పైఎత్తు మాత్రమే పెడితే ఓడినవాడు అందరి ముందూ తెలివితక్కువవాడైపోతాడు. దాన్ని వీళ్లు అసలే భరించలేరు. సగం తప్పు తనది అనిపించాలి. మిగతా సగం పాచిక మీదికి తోసేయడానికి వీలుండాలి. అప్పుడే లేచి ఇంటికి పోతాడు."

ఆమె బల్ల మీద మూడు చిన్న కొయ్యబిళ్లలు పరిచింది. ఒకదాని మీద కత్తి, ఒకదాని మీద ఈటె, ఒకదాని మీద డాలు గీసి ఉన్నాయి. నరుకు, పొడుపు, కాపు. ప్రతి దఫాకూ ఇద్దరూ తలా ఒక బిళ్లను అరచేతి కింద దాచి, ఒకేసారి చెయ్యి తీయాలి. నరికేవాడిని డాలు ఆపుతుంది. డాలు పట్టుకున్నవాడిని ఈటె సందు చూసి పొడుస్తుంది. ఈటెతో ముందుకు దూకినవాడిని కత్తి నరుకుతుంది. ఎవరి ఎత్తు పైచేయి అయితే వాళ్లకు రెండు పాచికలు, రెండో మనిషికి ఒకటే. రెండింటిలో పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. తక్కువ పడినవాడికి ఒక గాయం. సమానంగా పడితే గాయం లేదు. ఇద్దరూ ఒకే బిళ్ల పెడితే చెరొక పాచిక. బొమ్మ కింది దిమ్మెకు మూడు రంధ్రాలు, వాటిలో మూడు మేకులు. గాయానికి ఒక మేకు ఊడుతుంది. మూడూ ఊడితే నాయకుడు చచ్చినట్టు.

"రెండు పాచికలున్నా ఓడిపోవచ్చు గదా," అన్నాడు కలీం.

"ఓడిపోవచ్చు. కానీ ఓడేదానికంటే గెలిచేది రెట్టింపుకు పైగానే ఉంటుంది. అందుకే మూడు గాయాలు పెట్టాను. ఒకసారి అదృష్టం ఎటైనా పోవచ్చు. అన్నిసార్లూ పోదు."

"ఇంకోటుంది," అని ఆమె చెప్పింది. "ఏ దఫా అయిపోయినాకైనా ఎవరైనా 'చాలు' అనొచ్చు. అంటే ఓడిపోయినట్టే, కానీ బొమ్మ చావదు. నడుచుకుంటూ బల్ల దిగిపోతుంది."

ఇద్దరూ ఆడి చూశారు. తలుపు బయట సైకిలు బెల్లు మోగినా కలీం చెయ్యి ఆగిపోతోంది. ఆమె ప్రతి దఫాకూ గెలిచినవాడి ముఖం, ఓడినవాడి ముఖం ఊహించుకుంటోంది. పాపయ్య పళ్లు కొరకడం, ఈశ్వరప్ప మీసం మీదికి చెయ్యి పోవడం ఆమె చాలా ఆదివారాలు చూసింది. వాళ్ల వెనక నిలబడే మనుషుల్ని మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టి చూడలేదు.

మధ్యాహ్నం కాబోతుండగా దుకాణం ముందు వెలుతురు తగ్గింది. గుమ్మంలో ఈశ్వరప్ప నిలబడి ఉన్నాడు. జీపు చప్పుడు వినబడలేదు. వెంట ఎవరూ లేరు. యాభై దాటిన బలమైన మనిషి, ఆ రోజు మాత్రం భుజాలు కిందికి జారినట్టు కనిపించాయి.

స్వర్ణలత లేచి నిలబడింది. ఒట్టు ప్రకారం ఆదివారం దాకా ఇద్దరిలో ఎవరూ ఆమెను కలవకూడదు. కలిసినట్టు రెండో పక్షానికి తెలిస్తే చాలు, ఒట్టు తప్పినట్టే.

"కలీమూ, పోయి టీ తేప్పా," అన్నాడు ఈశ్వరప్ప.

కలీం కదల్లేదు. స్వర్ణలత తల ఊపాక గ్లాసుల స్టాండు తీసుకుని, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్లాడు.

"కూసోమ్మా. నిన్నేం అనేకి రాలేదు. నీ కొత్త రూలు సూపీ."

ఆమె చూపించింది. ఏ మాట ఎంత మెల్లగా అంటే అంత మంచిదన్నట్టు ఒక్కో బిళ్ల సంగతీ చెప్పింది. అతను కొయ్యనాయకుణ్ణి చేతిలోకి తీసుకుని, దిమ్మెలోని మేకుల్ని బొటనవేలితో తడుముతూ విన్నాడు.

"ఈ 'చాలు' అనేది యాల పెట్టినావు?"

"ఆపుకోవడానికి దారి ఉంటే మనిషి చివరిదాకా పోడని పెట్టానన్నా."

"మంచిదే. కానీ నేను అనలేను. నా వెనకాల ఇరవైమంది నిలబడుకోనుంటారు. నా నోట్లోంచి ఆ మాట వస్తే, ఆ పూటే నా మాట సెల్లకుండా పోతాది." అతను బొమ్మను బల్ల మీద పెట్టాడు. "నా బదులు పాచికతో అనిపీలేవా?"

ఆమెకు అర్థం కాలేదు.

"నేను ఓడిపోవాలమ్మా. అదడిగేకే వచ్చినా."

కిటికీ బయట సందులో కోడి ఒకటి చెత్త గీరుతోంది. స్వర్ణలత అతని కళ్లలోకి చూసింది. ఇది ఉచ్చు అనుకుంది ముందు. తను సరేనంటే, ఆ మాట పట్టుకుని ఆట చెల్లదని అనడానికి ఎత్తు వేశాడనుకుంది.

"అన్నా, మీరు నన్ను పరీక్ష చేస్తుంటే..."

"పరీక్ష గాదు. పాపయ్య తమ్ముని చెయ్యి నరికినోడు ఎవురో తెలుసునా నీకు?"

"మీ మనుషులని చెప్పుకుంటున్నారు."

"నా కొడుకు. లోకేష్."

అతను తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నేను సెప్పలేదమ్మా వానికి. నాకు తెలీనే తెలీదు. ఆ పొద్దు ఇంటికొచ్చినాడు. చేతులు కడుక్కున్న్యాడు. అన్నానికి కూసున్న్యాడు. ముద్దపప్పు తిన్న్యాడు, పెరుగన్నం తిన్న్యాడు, ఇంకొంచెం పెరుగు యెయ్యిమ్మా అని వాళ్లమ్మనడిగినాడు. తిని లేచినాంక నాకు సెప్పినాడు, ఇట్లా సేసినాను నాయనా అని. వాని మొగంలో ఏమీ లేదు. కోపం గూడా లేదు. కోపముంటే నేను భయపడకపోదును."

స్వర్ణలత చేతిలోని బిళ్లను బల్ల మీద పెట్టేసింది.

"ఇప్పుడు రాత్రుళ్లు నేను గడియేసుకోని పడుకుంటాండాను. పాపయ్యకి భయపడి గాదు. నా ఇంట్లో నా కొడుక్కి." అతను బొమ్మను పక్కకు జరిపాడు. "ఆ గుట్ట ఉండేదాకా వాని సుట్టూ మనుషులుంటారు. జీపులుంటాయి, డబ్బులుంటాయి. వాడు రేపు పాపయ్యని సంపుతాడు. ఎల్లుండి ఇంకొకన్ని. గుట్ట పోతే ఆ మనుషులు ఒక్క నెల గూడా వాని ఎంట నిలబడరు. నాకదే కావాల."

"అయితే మీరే వదిలేయొచ్చు కదా. పాపయ్యన్నను పిలిచి ఇచ్చేయండి."

"ఇచ్చేస్తే నేను ముసిలోన్నైపోయినానని మనుషులంతా వాని దిక్కు పోతారు. వాడు నన్ను తోసేసి గుట్టెక్కుతాడు. అదే అందురి ముందర, అత్త మింద ఒట్టు పెట్టి, ఆటలో ఓడినామంటే ఒట్టు తప్పేకి మావోళ్లు ఒప్పుకోరు. అంతమాత్రం భయం ఇంకా ఉండాది మావోళ్లకి."

స్వర్ణలత మూడు బిళ్లల్నీ ఒక్కోటిగా తిప్పి చూసింది. పదేళ్లుగా పాఠం చెబుతోంది. ఇలాంటి లెక్క ఎవరూ అడగలేదు.

"పాచికల్లో మోసం నేను పెట్టనన్నా. అది మాత్రం అడగొద్దు. కలీం చెయ్యడు, నేను చేయించను."

"మరెట్లా?"

"మీరు మోసం లేకుండానే ఓడొచ్చు. ప్రతి దఫాకూ నరుకే పెట్టండి. పాపయ్యన్న రెండో దఫాకే కనిపెట్టేస్తాడు. ఇక కాపే పెడతాడు. రెండు పాచికలు ఆయనవైపే పోతాయి."

ఈశ్వరప్ప మొదటిసారి కొంచెం నవ్వాడు. "నేను కోపిష్టోన్నని అందురికీ తెలుసు. నరుకే పెడితే ఎవురికీ అనుమానం రాదు."

"కానీ అంతా మన చేతిలో లేదు." ఆమె చూపుడువేలితో లెక్క వేసినట్టు బల్ల మీద గీతలు గీసింది. "మూడు గాయాల పోరులో, మీరు ఓడాలని కూర్చున్నా, సుమారుగా ఆరు ఆటలకు ఒక ఆట మీరే గెలుస్తారు."

నవ్వు పోయింది. "ఆరింటికొకటా?"

"పాచిక మీ మనసు చూడదన్నా."

అతను కళ్లు మూసుకున్నాడు. గెలుపు కబురు విని లోకేష్ ఏం చేస్తాడో చూస్తున్నట్టు ఉంది ఆ ముఖం. స్వర్ణలతకు కూడా అదే కనిపించింది. వసారాలో కేకలు, ఎవరో విసిరిన పూలదండ, పాపయ్య వెనక మనుషులు ఒక్కసారిగా లేవడం, మధ్యలో తను, తలుపు ఎటువైపో తెలియకపోవడం.

"తగ్గించలేవా?"

"గాయాలు పెంచితే తగ్గుతుంది. ఐదు పెడితే పదింటికి ఒకటి అవుతుంది. పోరు ఎంత సాగితే అదృష్టానికి అంత చోటు తగ్గుతుంది. ఎదుటి మనిషిని చదివినవాడిదే చివరికి గెలుపు." తన గొంతు క్లాసులోలాగే పలుకుతోందని గమనించి ఆమెకు సిగ్గేసింది. "ఇద్దరికీ ఐదే. పాపయ్యన్నకూ ఈ పూటే కబురు పంపిస్తాను. మీరన్న మాటలు మాత్రం చెప్పను."

ఇది న్యాయమేనా అని ఆమె తనను తాను ప్రశ్నించుకుంది. ఇద్దరికీ ఒకటే నియమం. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అయినా పెన్సిలు తీసి రెండు దిమ్మెల మీదా కొత్త రంధ్రాలకు చుక్కలు పెడుతూ, ఒక్కోదాన్నీ రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

ఈశ్వరప్ప లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "వాడు చిన్నప్పుడు సీకటంటే భయపడే పిల్లోడమ్మా," అన్నాడు. "అది యాడికి పోయిందో నాకు తెల్లేదు."

అతను వెళ్లాక స్వర్ణలత బల్లకు ఆనుకుని నిలబడింది. భయం పోలేదు కానీ దానికి ఇప్పుడు ఒక ఆకారం వచ్చింది. ఆదివారం వసారాలో తనలాగే భయపడే మనిషి ఇంకొకడు ఉంటాడు. ఇద్దరూ ఒకే ఫలితం కోరుకుంటారు. పదింట తొమ్మిది. ఆ అంకెను పట్టుకుని నాలుగు రోజుల్లో ఇవాళే కాస్త ఊపిరి పీల్చుకుంది.

కలీం చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చినప్పుడు టీ గ్లాసులు అతని చేతిలో లేవు. అతని ముఖంలో రక్తపు చుక్క లేదు. గ్లాసుల స్టాండు పట్టుకుని వెనక ఇంకొకతను వచ్చాడు. సన్నగా, ఎత్తుగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, నుదుట చిన్న విభూతి గీత. పాతికేళ్లుంటాయి.

"నమస్తే అక్కా," అన్నాడు. "నేను లోకేష్‌ని. టీ సల్లారిపోతాదని నేనే తెచ్చినా."

ఒక గ్లాసు ఆమె ముందు జాగ్రత్తగా పెట్టాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"అయిదు గాయాలు బాగుండాదక్కా. మూడు మరీ తక్కువ."

ఐదు అన్న మాట ఆమె ఈ గదిలో ఒకే ఒక్క మనిషికి చెప్పింది. స్వర్ణలత చూపు దానంతట అదే కిటికీ వైపు పోయింది. కోడి లేదు. సందులో, కిటికీకి ఆనించి పేర్చిన కొయ్యమొద్దుల దగ్గర చెప్పుల జాడలు రంపపుపొట్టులో స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"అంతా ఇన్నా," అన్నాడు లోకేష్. దాచాలని కూడా అతనికి లేదు. "మా నాయన నన్ను సూసి భయపడతాండాడని నాకు తెలీదు. గడియేసుకుంటాండేది దోమలకేమో అనుకుంటి." కొంచెంసేపు గ్లాసు అంచును వేలితో తుడిచాడు. ఆ ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో కదిలినట్టు అనిపించింది, కానీ అది నిలవలేదు. "తెలిసింది మంచిదైంది."

"ఆయన ఎక్కడున్నారు?" స్వర్ణలత అడిగింది.

"నాయనకి ఒంట్లో బాగలేదక్కా. బీపీ. ఇప్పుడే బస్టాండు కాడ జీపెక్కించి పంపిస్తి. ముళబాగలు మింద బెంగుళూరు పోతాడు. మావోళ్లు ఇద్దురు తోడు పోయినారు."

కలీం గోడకు ఆనుకుని ఉన్నాడు. అతని కళ్లు స్వర్ణలతకు చెప్పాయి. ఎక్కించడం అతను చూశాడు. ఈశ్వరప్ప తనంతట తాను ఎక్కలేదు.

"ఆదివారం నాయన బదులు నేను కూసుంటా. నాయన మెత్తబడినాడని అనుమానమొచ్చి పొద్దున్నే పొయ్యి కృష్ణమ్మవ్వని అడిగొచ్చినా. నాయనకి రెండుదినాల నించి బాగలేదని సెప్తి. అవ్వ ఒప్పుకున్న్యాది." అతను కుర్చీ లాక్కుని బల్లకు ఆ పక్కన కూర్చున్నాడు. "నాకు ఆట సరిగ్గా రాదు. నేర్పియ్యి."

వద్దని అనడానికి స్వర్ణలతకు ధైర్యం చాలలేదు. అదీ కాక, ఇద్దరికీ నియమం నేర్పడం తన పని. బిళ్లల్ని అతని ముందుకు జరిపింది. అతను ఒక్కసారే విన్నాడు, మళ్లీ అడగలేదు. మూడు మేకులు అయిపోయాక ఇంకో రెండు గాయాలను నోటిలెక్క పెట్టుకుందామని అతనే అన్నాడు.

మొదటి దఫాలో ఆమె పొడుపు పెట్టింది, అతను కాపు పెట్టాడు. ఆమెకు రెండు పాచికలు వచ్చాయి. అతని నాయకుడికి గాయం. అతను మేకు తీసి పక్కన పెట్టాడు. బాధపడలేదు, నవ్వలేదు. ఆమె చేతుల వైపు చూశాడు, తరువాత ముఖం వైపు.

రెండో దఫా అతనిది. మూడోదీ అతనిదే. నాలుగో దఫాలో అతని ఎత్తే పైచేయి అయింది కానీ పాచికలు సమానంగా పడ్డాయి. "పోనీలే," అన్నాడు. మళ్లీ అతనిదే. తరువాత మళ్లీ. స్వర్ణలత గమనిస్తూనే ఉంది. పాచికలు దొర్లుతున్నప్పుడు అందరూ పాచికల్ని చూస్తారు. ఇతను ఒక్కసారి కూడా వాటిని చూడలేదు. ఎంత పడిందో కలీంను అడిగి తెలుసుకుంటున్నాడు. కళ్లు మాత్రం ఆమె మీదే ఉన్నాయి, లెక్కలు చేసే పిల్లవాడికి బోర్డు మీద ఉన్నట్టు.

ఎదుటి మనిషిని చదివినవాడిదే చివరికి గెలుపు. ఆ మాట తనే అన్నది. పోరును తనే పొడిగించింది. ఓడిపోదలచిన తండ్రి కోసం అదృష్టానికి చోటు తగ్గిస్తే, ఆ చోటంతా ఇప్పుడు ఈ కొడుకు చేతికి వచ్చింది. పాపయ్య కోపిష్టి, లోపల అనుకున్నది ముఖంలో దాచుకోలేడు. ఇతని ముందు అయిదు గాయాలు ఎంతసేపు?

"అయిదు వద్దు," అంది హఠాత్తుగా. "మూడే ఉంచుదాం. పాపయ్యన్నకు ఇంకా చెప్పలేదు."

"నేను సెప్పి పంపిస్తినక్కా. మీ మేడమ్ అయిదన్న్యాదని." లోకేష్ టీ కొంచెం తాగాడు. "ఇంగ మారిస్తే వాళ్లు అనుమానపడతారు."

స్వర్ణలత గుప్పిట్లో తరువాతి దఫాకు తీసుకున్న బిళ్ల ఉంది. అరచేతి చెమటకు అది జారిపోతోంది.

"పాపయ్యన్న చాలా ఏళ్లుగా ఆడుతున్నాడు," అంది. తనకు తాను చెప్పుకున్నట్టు ఉంది. "ఆయన్ని ఓడించడం అంత తేలిక కాదు."

లోకేష్ ఆశ్చర్యంగా చూశాడు. "నీకింకా ఎవురూ సెప్పలేదా? నా మాట ఒప్పుకున్న్యాంక, పాపయ్య సిన్నాయనకి గూడా, ఆయన బదులు ఎవురినన్నా పెట్టుకోమని అవ్వ కబురు పంపించింది. తమ్ముని చెయ్యి సూసినప్పటి నించి ఆయన చేతులు వణకతాండాయంట. బొమ్మ పట్టుకోలేనన్న్యాడంట. ఇంటి మనుషుల్ని పెడితే కొట్లాట అయితాదని, ఇద్దురికీ కాని మనిషిని అడిగినాడు."

కలీం గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నీ పేరే సెప్పినాడక్కా. తీర్పు అవ్వే సెప్తాదంట. ఆదివారం నా ఎదురుగా కూసునేది నువ్వే."

లోకేష్ గ్లాసు కింద పెట్టి లేచాడు. కుర్చీని మళ్లీ ఉన్నచోటికే సరిగ్గా జరిపాడు. గుమ్మం దాకా వెళ్లి, ఆమె మూసి ఉంచిన పిడికిలి వైపు చూశాడు.

"చేతిలో ఉండేది కాపు. భయమేస్తే నువ్వు అదే తీసుకుంటాండావు."

అతని అడుగులు సందు చివర వినబడకుండా పోయాక స్వర్ణలత వేళ్లు విప్పింది. అరచేతిలో డాలు బొమ్మ ఉంది.